మాట్లాడని హీరో, ఆడేవారు పెట్టే పేరు: తెలుగు గేమ్‌లో ఈ రెండూ నిలుస్తాయా?

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. ముగ్గురు కలిసి ఐదారు గంటల నిడివి గల తెలుగు కథా గేమ్ తయారుచేస్తున్నారు. చిన్నతనంలోనే ఊరు విడిచి వెళ్లిన ఒక వ్యక్తి పదిహేనేళ్ల తర్వాత అమ్మమ్మ ఇంటికి తిరిగి రావడం కథ. డబ్బింగ్ లేదు, సంభాషణలన్నీ తెర మీద అక్షరాల్లోనే కనిపిస్తాయి. తిరిగి వచ్చిన ఆ వ్యక్తి అబ్బాయా అమ్మాయా అన్నదీ, పేరేమిటన్నదీ ఆడేవారే మొదట్లో నిర్ణయిస్తారు. ఆ తర్వాత ఆ పాత్ర చివరిదాకా నోరు విప్పదు. మీ జట్టులో ఒకరు ఇది ఎప్పటిదో జపాన్ పద్ధతి అని కొట్టిపారేస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్లందరూ మాట్లాడుతుంటే హీరో మాత్రం రాయిలా నిలబడితే ఎవరు నమ్ముతారన్నది ఆయన వాదన.

నా సమాధానం ఇది. హీరోను మౌనంగానే ఉంచండి, పేరు పెట్టుకునే అవకాశమూ ఉంచండి, కాని ఆ పేరును గేమ్ మొత్తంలో నాలుగైదు చోట్లకు మించి కనిపించనివ్వకండి. మిగతా అన్ని చోట్లా ఊరివాళ్లు వరస పెట్టి పిలవాలి. హీరో మాట్లాడకపోవడం వల్ల ఏర్పడే ఖాళీని ఎదుటి పాత్రల మాటలతోనూ, ఆడేవారు చేతితో చేయగలిగే పనులతోనూ పూరించాలి. ఆ పని చేసే ఓపిక లేకపోతే మాత్రం మీ సహచరుడి మాటే సరైనది.

నేను తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో చిన్న చిన్న గేమ్ కంపెనీలకు సంభాషణలు రాస్తున్నాను. కొన్నిటికి సొంతంగా రాశాను, కొన్నిటిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చాను. మౌన కథానాయకుడితో మూడు గేములు చేశాను. అందులో ఒకటి ఘోరంగా దెబ్బతిన్నది, కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం దాని నుంచే నేర్చుకున్నాను.

మొదట ఒక చిక్కుముడి విప్పాలి. మౌనం, పేరు పెట్టనివ్వడం అన్నవి ఒకే నిర్ణయం కావు. రెండూ తరచుగా కలిసి వస్తాయి కనుక మనం వాటిని ఒకటిగా చూస్తాం. 1998 నాటి హాఫ్ లైఫ్ గేమ్‌లో హీరో గోర్డన్ ఫ్రీమన్ ఒక్క మాటా మాట్లాడడు, కాని అతని పేరును మనం మార్చలేం. 2001లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 10లో హీరో టీడస్ పేరును మనం మార్చుకోవచ్చు, అతను మాత్రం కథంతా వాగుతూనే ఉంటాడు. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్‌లో రెండూ కలిశాయి. మీ గేమ్‌కు రెండూ కావాలా, ఒకటి చాలా అన్నది విడివిడిగా ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఒక్కొక్కదాని ఖర్చు వేరు, ఒక్కొక్కదాని ఫలం వేరు.

డ్రాగన్ క్వెస్ట్ ప్రసక్తి వచ్చింది కనుక అందులో పేరు టైపు చేసే పెట్టె గురించి రెండు మాటలు. ఆ గేమ్ మొత్తం 64 కిలోబైట్ల కార్ట్రిడ్జిలో ఇమిడింది. హీరో పేరుకు జపాన్ లిపిలో నాలుగు అక్షరాలే దక్కాయి. గేమ్‌ను దాచుకోవడానికి మెమరీ లేదు కనుక ఆడేవారు 20 అక్షరాల మంత్రం లాంటి సంకేతాన్ని కాగితం మీద రాసుకోవాలి, ఆ సంకేతంలోనే హీరో పేరు కూడా దాగి ఉంటుంది. అంతకంటే విచిత్రం ఏమిటంటే, మీరు పెట్టిన పేరును బట్టే హీరో బలం ఎంత, అది ఏ వేగంతో పెరుగుతుంది అన్నది తేలుతుంది. అంటే పేరు అక్కడ అలంకారం కాదు, జాతకం లాంటిది. మన ఇళ్లలో అక్షరం చూసి పేరు పెట్టే పెద్దలకు ఈ గేమ్ నచ్చి ఉండేది. అదే సంవత్సరం వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డాలోనూ ఇటువంటి చమత్కారం ఉంది. పేరు అడిగిన చోట జెల్డా అని రాస్తే గేమ్ నేరుగా రెండో, కష్టమైన రూపంలో మొదలవుతుంది.

మీ సహచరుడి అభ్యంతరంలో నిజం లేకపోలేదు. డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజీ హోరీయే 2024లో ఒక సంభాషణలో, గ్రాఫిక్స్ వాస్తవానికి దగ్గరవుతున్నకొద్దీ ఊరికే నిలబడి ఉండే మౌన కథానాయకుడు తెలివితక్కువవాడిలా కనిపిస్తాడన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. నాలుగు చుక్కల బొమ్మకు ముఖం ఉండదు కనుక ఆ ముఖంలో భావం లేదని ఎవరికీ తోచదు. కెమెరా ముఖం దగ్గరకు వెళ్లి, కనుబొమ్మలు కూడా లెక్కపెట్టగలిగినప్పుడు, తల్లి చనిపోయిందని విన్న మనిషి మాట్లాడకపోతే చూసేవారికి ఇబ్బందిగానే ఉంటుంది. అయితే మీరు చెప్పిన గేమ్ పైనుంచి చూసే చేతిగీత బొమ్మలతో నడిచేది. కెమెరా ఎప్పుడూ ముఖం దగ్గరకు రాదు. అందువల్ల హోరీ చెప్పిన చిక్కు మీకు చాలావరకు వర్తించదు. ఏ ఘట్టంలోనైనా హీరో ముఖాన్ని పెద్దగా చూపించాలని అనుకుంటున్నట్లయితే, దయచేసి ఆ ఒక్క ఆలోచన మానుకోండి. వీపు చూపించండి, చేతులు చూపించండి.

ఇక మౌనాన్ని ఎలా రాయాలి అన్న విషయం. ఇది అసలైన పని, దీనికే ఎక్కువ సమయం పడుతుంది. మౌన పాత్రకు సంభాషణలు రాయనవసరం లేదు కనుక శ్రమ తగ్గుతుందని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో శ్రమ పెరుగుతుంది, ఎందుకంటే హీరో చెప్పవలసిన ప్రతి మాటనూ ఇంకొకరి నోట్లో పెట్టాలి, అదీ వాళ్ల స్వభావానికి తగినట్లు.

1995 నాటి క్రోనో ట్రిగర్‌లో ఒక న్యాయవిచారణ ఘట్టం ఉంది. హీరో క్రోనో మాట్లాడడు. కాని కథ మొదట్లో తిరునాళ్లలో మీరు ఏం చేశారో గేమ్ గుర్తుంచుకుంటుంది. ఎవరి భోజనమైనా అడగకుండా తినేశారా, ఒక అమ్మాయిని ఢీకొన్నప్పుడు ముందు ఆమెను పలకరించారా లేక కింద పడిన ఆమె లాకెట్టు మీదికి వెళ్లారా, ఇవన్నీ కోర్టులో సాక్ష్యాలుగా వస్తాయి. హీరో తరఫున అతను చేసిన పనులే మాట్లాడతాయి. మొదటిసారి ఆడినప్పుడు నేను ఒక ముసలాయన తిండి తిని, ఆ సంగతి మరిచిపోయి, కోర్టులో దొరికిపోయాను. నోటితో అబద్ధం చెప్పే అవకాశం కూడా లేకపోవడం వల్లనే ఆ ఘట్టం అంతగా తగులుతుంది. మౌనం అక్కడ లోపం కాదు, ఉచ్చు.

పోర్టల్ 2లో దీనికి హాస్యపు రూపం ఉంది. హీరోయిన్ చెల్ మాట్లాడదు. వీట్లీ అనే యంత్రం ఆమెకు బుర్ర దెబ్బతిన్నదేమోనని పరీక్షించడానికి 'యాపిల్ అను' అంటుంది. తెర మీద యాపిల్ అనడానికి ఫలానా మీట నొక్కమని వస్తుంది. నొక్కితే ఆమె గెంతుతుంది. అంతే. హాఫ్ లైఫ్ 2లో హీరోకు తోడుగా ఉండే అలిక్స్ కూడా గోర్డన్‌ను మితభాషి అని ఆటపట్టిస్తుంది. జెల్డా వరుసలోనిదే అయిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో రాకుమారి జెల్డా తన డైరీలో, అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని తెలిసిన హీరో లింక్ భారమంతా మౌనంగా మోయవలసిందేనని అనుకుంటాడని రాసుకుంటుంది. ఈ మూడు చోట్లా జరిగినది ఒక్కటే: హీరో మౌనాన్ని గేమ్‌లోని మనుషులు కూడా గమనించారు. ఆడేవారు గమనించిన విషయాన్ని గేమ్ గమనించనట్లు నటిస్తేనే ఎబ్బెట్టుగా ఉంటుంది. మీ అమ్మమ్మ పాత్ర మొదటి పది నిమిషాల్లోనే 'చిన్నప్పుడూ ఇంతే, నోట్లో ముత్యాలున్నట్టు' అని ఒక్క మాట అంటే చాలు, సగం అభ్యంతరం అక్కడే కరిగిపోతుంది. ఆ మాట రెండోసారి మాత్రం అనిపించకండి.

నా దెబ్బతిన్న గేమ్ సంగతి ఇక్కడ చెప్పాలి. అందులో తండ్రి చనిపోయిన తర్వాత అన్నాచెల్లెళ్లు పెరట్లో కలుసుకునే ఘట్టం ఉంది. చెల్లెలు ఏడుస్తూ పన్నెండు వాక్యాలు మాట్లాడుతుంది. ప్రతి వాక్యం తర్వాత హీరో వైపు నుంచి మూడు చుక్కలు వస్తాయి. రాసేటప్పుడు అది గంభీరంగా ఉందని నేను మురిసిపోయాను. మొదటి విడతలో ఆడి చూసిన ఇరవై మందిలో చాలామంది 'వీడికి గుండె లేదా' అని రాసి ఇచ్చారు. మేము చుక్కలన్నీ తీసేశాం. చెల్లెలి మాటలను నాలుగు వాక్యాలకు కుదించి, మధ్యలో ఆమె చేత 'నువ్వేం చెప్పకు, నాకు తెలుసు' అనిపించాం. ఆ తర్వాత ఆడేవారికి ఒకే ఒక పని ఇచ్చాం: నడిచి వెళ్లి అరుగు మీద ఆమె పక్కన కూర్చోవడం. కూర్చోమని తెర మీద ఎక్కడా చెప్పలేదు. దాదాపు అందరూ తమంతట తామే వెళ్లి కూర్చున్నారు. కూర్చోకుండా వెళ్లిపోయినవారికి చెల్లెలు తర్వాత ఒక చోట ఆ సంగతి గుర్తుచేస్తుంది. ఆ మార్పు తర్వాత ఆ ఘట్టం గురించి ఫిర్యాదు రాలేదు. మూడు చుక్కలు మౌనం కావని, అవి మాట్లాడలేకపోవడానికి వేసిన బొమ్మ మాత్రమేనని నాకు అప్పుడే అర్థమైంది.

పూర్తి మౌనానికీ, పూర్తి మాటకూ మధ్య మరో దారి ఉంది: హీరో మాటలను ఎంపికలుగా చూపించడం. పర్సోనా వరుస గేములు, డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్, 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఇవన్నీ ఆ దారిలోవే. ఆడేవారు వాక్యం ఎంచుకుంటారు, హీరో దాన్ని పలకడు, ఎదుటివారు మాత్రం విన్నట్లు జవాబిస్తారు. మీ బడ్జెట్‌కు ఇదీ అందుబాటులోదే. కాని ఎంపిక ఇస్తే అది నిజమైన ఎంపిక కావాలి. మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో రాకుమారి ఒక ప్రశ్న అడుగుతుంది, కాదంటే మళ్లీ అదే అడుగుతుంది, ఒప్పుకొనేదాకా వదలదు. 1986లో అది ముచ్చటైన హాస్యం. ఇప్పుడు అదే పని ఐదు చోట్ల చేస్తే ఆడేవారు మిమ్మల్ని నమ్మడం మానేస్తారు.

హీరోకు గొంతు ఇచ్చి, మాటలు రికార్డు చేయించాలా అన్న ఆలోచన మీకు తర్వాత ఎప్పుడైనా వస్తే, తెలుగులో దానికి ఉన్న ఒక ప్రత్యేకమైన చిక్కు తెలుసుకోండి. నోరు తెరిచిన క్షణంలోనే హీరోకు ఒక జిల్లా వచ్చేస్తుంది. నా రెండో గేమ్‌లో హీరో మాట్లాడతాడు, ఆ గొంతు ఇచ్చిన కుర్రాడిది కాకినాడ వైపు యాస. బాగా చేశాడు, తప్పు పట్టేందుకు ఏమీ లేదు. కాని వరంగల్, కరీంనగర్ నుంచి ఆడిన కొందరు కథ బాగుంది కాని హీరో తమవాడు అనిపించలేదని అన్నారు. తర్వాత గొంతు ఇచ్చినవారి చేత పత్రికల భాష లాంటి యాస లేని తెలుగు మాట్లాడిస్తే, ఆ హీరో వార్తలు చదువుతున్నట్లుందని అందరూ అన్నారు. మౌన హీరోకు యాస లేదు. ఊరివాళ్లకు మీరు నిజాయితీగా వాళ్ల యాస ఇవ్వవచ్చు, తిరిగి వచ్చిన మనిషి మాత్రం ఎవరి ఇంటి మనిషైనా కాగలడు. మీ కథకు ఇది చాలా పెద్ద లాభం.

ఇప్పుడు పేరు సంగతి. పేరు పెట్టనిచ్చి, దాన్ని గొంతుతో పలకలేక తిప్పలు పడిన గేములు తీసుకున్న దారులు మీకు పనికొస్తాయి. ఫైనల్ ఫాంటసీ 10 పాత్రలకు గొంతు వచ్చిన మొదటి ఫైనల్ ఫాంటసీ. టీడస్ పేరు మారవచ్చు కనుక ఆ పొడవైన కథలో మాటలు పలికేవాళ్లెవరూ అతని పేరును నోటితో పలకరు, నువ్వు అనో అతను అనో నెట్టుకొస్తారు. మాస్ ఎఫెక్ట్‌లో మొదటి పేరు మీ ఇష్టం, ఇంటిపేరు మాత్రం షెపర్డ్, అందరూ షెపర్డ్ అనే పిలుస్తారు. పర్సోనా 4లో సెన్‌పాయ్ అంటారు, అంటే జపాన్ బడుల్లో పై తరగతివారిని పిలిచే పిలుపు, పర్సోనా 5లో జోకర్ అనే మారుపేరు ఉంటుంది. ఫాలౌట్ 4లో మాత్రం డబ్బు ఖర్చుపెట్టి, ఇంటి రోబో కాడ్స్‌వర్త్ కోసం దాదాపు వెయ్యి పేర్లు రికార్డు చేయించారు. మీకు గొంతు లేదు కనుక ఈ బాధ లేదనుకుంటారు. కాని తెలుగులో రాత కూడా ఇదే బాధ పెడుతుంది.

ఇంగ్లీషులో పేరును వాక్యం మధ్యలో ఎక్కడ పడేసినా చెల్లుతుంది. తెలుగులో పేరు విభక్తితో కలిసి రూపం మార్చుకుంటుంది. రవి అయితే రవికి, రవిని, రవితో అని సాఫీగా సాగుతుంది. రాముడు అయితే రాముడికి, రాముడిని కావాలి, కోడ్ మాత్రం 'రాముడుకి' అని చూపిస్తుంది. అనిల్ అయితే ఇంకో సమస్య: పొల్లుతో ముగిసిన పేరుకు 'కి' నేరుగా తగిలిస్తే లకారం కింద క వత్తు పడిపోయి చదవడానికి వీలులేని ముద్ద తయారవుతుంది. రెంటి మధ్య కనిపించని విడదీత గుర్తు, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో సున్నా వెడల్పుది, చేర్చాలి. పిలుపు సంగతి మరీ ముఖ్యం. మనం రవి అని పిలవం, రవీ అంటాం. సీతా, రాజూ, కృష్ణా అంటాం. చివరి హ్రస్వాన్ని దీర్ఘం చేయడం కోడ్‌తో సులభమే, అకారం ఉంటే ఆకారం, ఇకారం ఉంటే ఈకారం, ఉకారం ఉంటే ఊకారం. పొల్లుతో ముగిస్తే అలాగే వదిలేయాలి. డుతో ముగిసే పేర్లకు మాత్రం ప్రత్యేకంగా రాసుకోవాలి.

'గారు' చేరిస్తే ఈ గొడవంతా తీరిపోతుంది, గమనించారా? రవి గారికి, అనిల్ గారిని, సీత గారూ, ఏ పేరైనా చెక్కు చెదరదు, మార్పులన్నీ గారు మీద పడతాయి. అనువాదపు పనుల్లో నేను దీన్ని సిగ్గులేకుండా వాడుకున్నాను. మీ గేమ్‌కు అది కుదరదు, ఎత్తుకుని పెంచిన అమ్మమ్మ మనవడిని గారు అనదు కదా.

లింగం విషయంలో మాత్రం తెలుగు మీకు మేలు చేసింది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు 'ఎప్పుడు వచ్చావు, తిన్నావా' అంటాం, అబ్బాయైనా అమ్మాయైనా క్రియ ఒకటే. హిందీలో ఆ వెసులుబాటు లేదు. ఇద్దరు ఊరివాళ్లు హీరో గురించి తమలో తాము మాట్లాడుకున్నప్పుడే వచ్చాడు, వచ్చింది అన్న తేడా వస్తుంది. అటువంటి సంభాషణలను విడిగా గుర్తుపెట్టుకుని, రెండు రూపాలూ చేత్తో రాసేయండి. మొత్తం గేమ్‌లో అవి నలభై, యాభైకి మించవు. కోడ్‌తో క్రియలు మార్చాలని ప్రయత్నించకండి, నేను ఆ పనికి మూడు వారాలు తగలేశాను.

పేరు పెట్టెకు అక్షరాల పరిమితి పెట్టే ముందు మీ ప్రోగ్రామర్‌తో ఒక్కసారి కూర్చోండి. తెలుగువాళ్లు అక్షరం అనుకునేదీ, కంప్యూటర్ లెక్కపెట్టేదీ ఒకటి కావు. లక్ష్మి మన లెక్కలో రెండక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఏడు. వెంకటేశ్వర్లు మనకు ఐదక్షరాలు, కంప్యూటర్‌కు 13. మా మొదటి గేమ్‌లో ప్రోగ్రామర్ ఎనిమిది అని పరిమితి పెట్టాడు. పరీక్షకు వచ్చిన వెంకటేశ్వర్లు గారు తన పేరు టైపు చేస్తే వెంకటేశ్ అని వచ్చింది. అదీ ఒక పేరే కనుక ఎవరికీ అనుమానం రాలేదు, ఆయన కూడా గేమ్ చనువు తీసుకుంటోందని అనుకున్నారట. రాజ్యలక్ష్మి గారికి మాత్రం రాజ్యలక్ అని వచ్చేసరికి విషయం బయటపడింది. పరిమితిని ఉచ్చరించే అక్షరాల లెక్కలో పెట్టండి, ఎనిమిది చాలు. అలాగే పేరులో బ్రాకెట్లు, గుర్తులు రానివ్వకండి. స్టార్‌డ్యూ వ్యాలీలో చాలాకాలం పాటు, పేరుకు బదులు చదరపు బ్రాకెట్లలో ఒక వస్తువు సంఖ్య రాస్తే, ఎవరైనా మిమ్మల్ని పేరుతో పిలిచినప్పుడల్లా ఆ వస్తువు మీ సంచిలో పడేది. వినడానికి సరదాగా ఉంటుంది, మీ గేమ్‌లో జరిగితే అంత సరదాగా ఉండదు.

ఈ ఇబ్బందులన్నిటికీ మన ఊళ్లలోనే జవాబు ఉంది. పల్లెటూళ్లో కొత్తగా కనిపించిన మనిషిని పేరు అడగరు, 'ఎవరబ్బాయివి, ఎవరి తాలూకు' అని అడుగుతారు. మీ అమ్మమ్మ పాత్ర పేరు పార్వతమ్మ అనుకుంటే, పార్వతమ్మ మనవడివనో మనవరాలివనో తేలాక, ఎవరికి ఏ వరస అవుతారో వాళ్లే లెక్కగట్టి ఆ వరసతోనే పిలుస్తారు. షెపర్డ్ అనే ఇంటిపేరు, సెన్‌పాయ్ అనే పిలుపు చేసిన పనిని మనకు వరసలు ఇంకా అందంగా చేస్తాయి. మేనమామ అల్లుడూ అనో, అమ్మాయైతే కోడలా అనో పిలుస్తాడు. మేనమామ పిల్లలకు బావో వదినో అవుతారు. పక్కింటి పెద్దావిడకు అబ్బాయైనా అమ్మాయైనా నాన్నా అనో కన్నా అనో అనడం అలవాటై ఉంటుంది. మీకు పదిహేను పాత్రలుంటే, ఒక్కొక్కరికి రెండేసి పిలుపుల చొప్పున ముప్పై మాటల పట్టిక ఒక మధ్యాహ్నంలో తయారవుతుంది. పైగా ప్రతి పిలుపూ ఆ ఇద్దరి సంబంధాన్ని చెబుతుంది. పేరుకు ఆ శక్తి లేదు. వరస తప్పిస్తే ఏమవుతుందో కూడా మీ కథలో వాడుకోవచ్చు: ఆస్తి గొడవ మొదలైన రోజున అల్లుడూ అనే మేనమామ మొదటిసారి 'ఏమండీ' అంటే, పది వాక్యాల కోపం రాయనవసరం లేదు.

ఇంతా చేసి, మరి పేరు ఎందుకు అడగాలి? ఎక్కువసార్లు పలికించకపోవడం వల్లనే అది విలువైనదవుతుంది కనుక. జపాన్‌లో 1994లో మదర్ 2గానూ, మరుసటి ఏడాది అమెరికాలో ఎర్త్‌బౌండ్‌గానూ వచ్చిన గేమ్‌లో, హీరో పేరు మాత్రమే కాక ఇష్టమైన తిండి కూడా మొదట్లోనే అడుగుతారు. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ అదే వండిపెడుతుంది. మధ్యలో ఎక్కడో, ఆడుతున్న మీ సొంత పేరు ఏమిటని అడిగి ఊరుకుంటారు. చివరి పోరులో ఏ ఆయుధమూ పనిచేయనప్పుడు పౌలా అనే అమ్మాయి ప్రార్థిస్తుంది, ఆ ప్రార్థన ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఆఖరికి తెర బయట కూర్చున్న మిమ్మల్ని, మీ పేరుతో సహా, చేరుతుంది. ఆ పేరు అంతకు ముందు గంట గంటకూ వినిపించి ఉంటే అక్కడ ఏమీ జరిగి ఉండేది కాదు. 2015 నాటి అండర్‌టేల్ దీన్ని తలకిందులు చేసింది. మీరు పేరు పెట్టింది మీరు నడుపుతున్న బిడ్డకు కాదని, ఆ బిడ్డ పేరు ఫ్రిస్క్ అని, మీరు పెట్టిన పేరు ఎన్నడో చనిపోయిన వేరే బిడ్డదని, ఎవరినీ చంపకుండా పూర్తిచేసినవారికి చివర తెలుస్తుంది.

మౌన హీరోను బయటి నుంచి చూపించిన ఘట్టం కూడా ఒకటి చెప్పి ఈ వరుస ఆపుతాను. 1996లో మొదటి పోకెమాన్ గేముల్లో మనం నడిపిన కుర్రాడు, 1999లో వచ్చిన తర్వాతి గేముల్లో సిల్వర్ పర్వతం మీద ఒంటరిగా నిలబడి ఉంటాడు. పేరు రెడ్. దగ్గరకు వెళితే చుక్కలు తప్ప మరేమీ మాట్లాడడు, పోరాడి మాయమవుతాడు. నేను ఇందాక తిట్టిన ఆ చుక్కలు ఇక్కడ ఎందుకు పనిచేశాయంటే, ఒకప్పుడు ఆ చుక్కల వెనక ఉన్నది మనమే కనుక.

మీ గేమ్‌కు నేను సూచించేది ఇది. హీరోకు రెండు పేర్లు ఉంచండి. ఒకటి ముద్దుపేరు, గేమ్ పెట్టేది, అబ్బాయికీ అమ్మాయికీ సరిపోయేది. చిన్ని అనుకోండి, బుజ్జి అనుకోండి. వరస కుదరని పాత్రలు, చిన్ననాటి స్నేహితులు దానితో పిలుస్తారు. మీరు ముందే ఎరిగిన పేరు కనుక విభక్తులన్నీ చేత్తో సరిగ్గా రాసుకోవచ్చు. రెండోది అసలు పేరు, ఆడేవారు పెట్టేది. దాన్ని గేమ్ మొదలవుతూనే ఖాళీ పెట్టె చూపించి అడగకండి. అప్పటికి ఆడేవారికి ఆ పాత్రతో పరిచయమే ఉండదు, విసుగుతో ఏదో కొట్టేస్తారు. మాకు అఅఅ అనే పేరుతో గేమ్ పూర్తిచేసినవారు ఉన్నారు, తండ్రి చావు ఘట్టంలో ఆ పేరు వచ్చినప్పుడు వాళ్లు నవ్వి ఉంటారు, తప్పు మాది. ఊళ్లోకి వచ్చిన అరగంట తర్వాత, అమ్మమ్మకు మందులు రాసిచ్చే డాక్టరో, పంచాయతీ ఆఫీసులో గుమాస్తానో చీటీ మీద రాయడానికి 'నీ పేరేంటి' అని అడగాలి. ముద్దుపేరు చెబితే కుదరదు, అసలు పేరు కావాలి. అక్కడ టైపు చేయించండి.

ఆ తర్వాత ఆ పేరు కాగితాల మీద మాత్రమే కనిపించాలి: మందుల చీటీ మీద, ఇంటి పత్రంలో, బహుశా పాత పెట్టెలో దొరికిన బడి సర్టిఫికెట్ మీద. కాగితం మీద పేరు ఒంటరిగా ఉంటుంది కనుక విభక్తి గొడవ రాదు. నోటితో పలికేది ఒక్కరే, ఒక్కసారే, అది అమ్మమ్మే కావాలి, అదీ ఎప్పుడన్నది మీకు నాకంటే బాగా తెలుసు. ఆ వాక్యంలో పేరు పిలుపుగా రావాలి కనుక దీర్ఘం చేసే కోడ్‌ను డుతో ముగిసే పేర్లతోనూ, పొల్లుతో ముగిసే పేర్లతోనూ పరీక్షించండి. కనీసం ముప్పై పేర్లు రాసుకుని, జాన్, ఫాతిమా, వెంకటేశ్వర్లు, శ్రీ అన్నవి అందులో తప్పకుండా ఉండేలా చూసుకోండి. పేరు ఖాళీగా వదిలి ముందుకు వెళ్లినవారికి ఏం చూపించాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. మేము కిరణ్ అని పెట్టాం. మీ విషయంలో అయితే గుమాస్తా చీటీ మీద 'పార్వతమ్మ గారి తాలూకు' అని రాసేసుకోవచ్చు, అలాంటివారికి అమ్మమ్మ చివర ముద్దుపేరుతోనే పిలుస్తుంది.